అధ్యక్షులవారి బాయిలర్

మంగళవారం పొద్దున్న ఏడు గంటలకి రాయిస్ వాండర్‌మోలెన్ గారు రెండు గుడ్లు, నాలుగు బేకన్ ముక్కలు ముందు పెట్టుకుని, ఒక మనిషి పదవి ఊడగొట్టడం ఎలాగా అని ఆలోచిస్తున్నారు. ఆయన బ్రాండల్ కౌంటీకి ఎన్నికైన ప్రాసిక్యూటరు. పదకొండేళ్లుగా రాష్ట్ర ప్రాసిక్యూటర్ల మండలికి అధ్యక్షులు. ఆలోచన మంచిదైతే ఆయనకి ఆకలి పెరుగుతుంది. ఆ పూట మూడో గుడ్డు కూడా అడిగారు.

మండలి పని చెప్పుకోవడానికి గొప్పదే. డెబ్భై ఆరు కౌంటీల ప్రాసిక్యూటర్లకి సాయపడాలి. వాళ్ల దగ్గర కొత్తగా చేరిన లాయర్లకి జ్యూరీ ముందు నిలబడడం నేర్పాలి. దాన్ని నడిపేది తొమ్మిదిమంది పాలకవర్గం. ఆ తొమ్మిదిమందినీ ఎన్నుకునేది ఆ డెబ్భై ఆరుగురే. అంటే తమకి ఎంత చదువు అవసరమో తామే తేల్చుకునే ఏర్పాటన్నమాట. ఏటా వేసవిలో సరస్సు ఒడ్డున రెండు రోజులు చాలని తేల్చుకున్నారు. మొదటి రోజు చేపల వేట. రెండో రోజు రాయిస్ గారి ఉపన్యాసం, ‘నేను గెలిచిన కేసులు’. పోయినేడు అది మూడు గంటల నలభై నిమిషాలు సాగింది. ఓడిన కేసుల గురించి చెప్పి ఉంటే ఎవరికైనా ఏదైనా ఉపయోగపడేదేమో గాని, అవి ఆయనకి గుర్తుండవు.

ఈ ఏర్పాటుకి అడ్డం పడింది మార్నీ ఎకార్ట్. ఉత్తరాన పైన్ అడవుల మధ్య ఉన్న చిన్న కౌంటీకి ఆమె ప్రాసిక్యూటరు, పాలకవర్గంలో అందరికంటే కొత్త. ఆమె ఆఫీసులో మొత్తం ఇద్దరే లాయర్లు, ఆమెతో కలిపి. రెండోవాడు ఉద్యోగంలో చేరిన మూడు వారాలకే భార్యని చితకబాదిన ఒక మొగుడి మీద కేసు వాదించాడు. ఆ భార్య గాయాల ఫోటోలు సాక్ష్యంగా ఎలా పెట్టాలో అతనికి తెలియలేదు. ఫోటోలు సంచిలోనే ఉండిపోయాయి, మొగుడు ఇంటికి వెళ్లిపోయాడు. అప్పటినుంచి మార్నీ ఒకటే పట్టు పట్టింది. శిక్షణ సరస్సు ఒడ్డున కాదు, చిన్న కౌంటీలకే వచ్చి చెప్పాలి, కొత్తవాళ్లు మొదటి కేసు పట్టకముందే చెప్పాలి. ఆ ప్రతిపాదన ఇవాళ్టి సమావేశంలో ఓటుకి రావాలి.

ఓటు దాకా రానివ్వకుండా రాయిస్ గారికి ఒక దారి కనిపించింది. వరసగా మూడు సమావేశాలకి రాని సభ్యుల స్థానం ఖాళీ అవుతుందని మండలి నియమం. కోర్టు పనులవల్ల మార్నీ ఇప్పటికే రెండింటికి రాలేదు. ఆయన ఫోను తీసి మండలి కార్యదర్శి లొరెయిన్ ప్రూయిట్‌కి చేశారు.

“లొరెయిన్, ఇవాళ్టి మీటింగు రాజధానిలో మన ఆఫీసులో కాదు. పది గంటలకి ఇక్కడ, నా కోర్టు భవనంలో. అందరికీ ఫోన్ చేసి చెప్పు.”

“ఎందుకండీ?”

“మీ బాయిలర్ పాడైంది.”

“లేదండీ. బాగానే ఉంది. గది వెచ్చగా ఉండి నేను చెప్పులు విప్పుకుని కూర్చున్నాను.”

“పాడైందని నేనంటున్నాను కదమ్మా!”

పంతొమ్మిదేళ్ల ఉద్యోగంలో లొరెయిన్ ముగ్గురు అధ్యక్షులని చూసింది. వాళ్లు చెప్పింది చెప్పినట్టు, టైముతో సహా, చిన్న పుస్తకంలో రాసుకుంటుంది. “ఏడూ నాలుగు. బాయిలర్ పాడైందని అధ్యక్షులు అన్నారు” అని రాసుకుంది. “మరి మార్నీ గారికో? ఆవిడ తెల్లవారుజామునే బయల్దేరి ఉంటుంది. ఆ అడవి దారిలో ఫోను పనిచెయ్యదు.”

“అయ్యో పాపం,” అన్నారు రాయిస్ గారు, నోట్లో బేకన్‌తో.

లొరెయిన్ వరసగా ఫోన్లు చేసింది. ఆరుగురు సరేనన్నారు. ఏడో ఫోను ఉపాధ్యక్షుడు డెల్బర్ట్ స్ట్రౌడ్‌ది. ఆయన రాజధాని కౌంటీ ప్రాసిక్యూటరు. వయసు డెబ్భై ఒకటి. చెవికి మిషను ఉంది గాని, దాన్ని ఎక్కువగా జేబులోనే ఉంచుకుంటాడు.

“ఏంటీ, బాయిలర్ పేలిందా?”

“పేలడం కాదండీ, పాడైంది!”

“అదేనమ్మా నేనూ అంటున్నది, పేలిందని! నువ్వు ముందు బయటికి పరిగెత్తు!” అని ఫోను పెట్టేసి, డెల్బర్ట్ అగ్నిమాపక దళానికి చేశాడు.

ఇరవై నిమిషాల్లో మూడు ఫైరింజన్లు వచ్చాయి. ఆ భవనంలో మండలితోపాటు ఇంకో నాలుగు ప్రభుత్వ ఆఫీసులున్నాయి. మొత్తం నూట నలభైమందిని మంచులోకి తోలారు. లొరెయిన్ చెప్పులు తొడుక్కునే వ్యవధి కూడా దొరక్క, వాటిని చేతిలో పట్టుకుని, మేజోళ్లతోనే బయటపడింది. పోలీసులు వీధి రెండు చివర్లా మూసేశారు. వీధి మూస్తే రేడియోవాళ్లు రాకుండా ఉండరు.

ఫైరు కెప్టెను లొరెయిన్‌ని అడిగాడు, ఎవరు చెప్పారని. ఆమె పుస్తకం తీసి చూపించింది. అతను బ్రాండల్ కౌంటీకి ఫోన్ చేశాడు. రేడియో విలేకరి అతని భుజం మీదుగా చెవి పెట్టాడు.

రాయిస్ గారు నిజం చెప్పడానికి అదే ఆఖరి మంచి అవకాశం. ఆయన దాన్ని జారవిడుచుకున్నారు.

“అవును, పేలింది. నాకు గట్టి సమాచారం ఉంది,” అన్నారు.

“ఎవరైనా కావాలని చేశారంటారా?”

ఇలాంటి ప్రశ్న ఆయన్ని పదకొండేళ్లలో ఎవరూ అడగలేదు. గొంతు దానంతటదే బరువెక్కింది. “చూడండి కెప్టెన్, దుర్మార్గుల్ని జైలుకి పంపేవాళ్లం. మాకు శత్రువులకేం తక్కువ? వాళ్లకి ముందు కావలసింది నేను.”

పావుగంటలో ఆ మాట రేడియోలో వచ్చింది. బ్రాండల్ కౌంటీ షెరీఫు ఎర్ల్ టటిల్ కారులో డోనట్ తింటూ విన్నాడు. వచ్చే నవంబరులో అతనికి ఎన్నికలు. సగం డోనట్ కిటికీలోంచి పారేసి సైరను వేశాడు.

తొమ్మిదిన్నరకల్లా కోర్టు భవనం చుట్టూ పదకొండు పోలీసు కార్లు నిలబడ్డాయి. లోపలివాళ్లు బయటికి రాకూడదు, బయటివాళ్లు లోపలికి పోకూడదు. షెరీఫు రాయిస్ గారిని కిటికీలకి దూరంగా లాక్కెళ్లి, సమావేశానికి సిద్ధం చేసిన పొడుగాటి బల్ల కింద కూర్చోబెట్టాడు. తుపాకి గుళ్లు తగలని కోటు తొడగబోయాడు. అది ఆయన పొట్టకి సగందాకానే వచ్చింది.

“మిగతా సగం నేను చూసుకుంటాను సార్,” అని షెరీఫు ఆ వైపు నిలబడ్డాడు.

“ఎర్ల్, పది గంటలకి నాకు మీటింగుంది! సభ్యులొస్తారు!”

“వచ్చారు సార్. నలుగురు. వెనక్కి తోలేశాను. ఒకడు మరీ అనుమానంగా ఉన్నాడు, తాను ప్రాసిక్యూటర్నని మూడుసార్లు చెప్పాడు.”

“నా ఫోనివ్వు!”

“కుదరదు సార్. ఫోనుని బట్టి మనిషెక్కడున్నాడో కనిపెట్టేస్తారు.”

“నేనిక్కడున్నానని రేడియోలోనే చెప్పారు కదయ్యా!”

“అదే నా భయం.”

రాయిస్ గారు కళ్లు మూసుకుని పది లెక్కపెట్టారు. బల్ల కింద మెడ వంచుకుని కూర్చున్న మనిషికి పరువు ఎంత మిగిలిందో చూసుకున్నారు. చివరికి మెల్లగా అన్నారు. “ఎర్ల్, నా మాట విను. ఏదీ పేలలేదు. బాయిలర్ బాగానే ఉంది. నేనే ఊరికే అన్నాను.”

షెరీఫు మోకాళ్ల మీద కూర్చుని, గొంతు తగ్గించి అడిగాడు. “మీ చేత ఎవరైనా బెదిరించి ఇలా చెప్పిస్తున్నారా? అలాగైతే ఒక్కసారి కన్ను కొట్టండి.”

రాయిస్ గారు కన్ను కొట్టలేదు. కాని కోపానికి ఎడమ రెప్ప అదిరింది. షెరీఫు లేచి, ఇంకో ఆరు కార్లు పంపమని వైర్‌లెస్‌లో చెప్పాడు.

అదే సమయానికి రాజధానిలో మార్నీ ఎకార్ట్ కారు దిగింది. నాలుగు గంటలు మంచులో నడుపుకుంటూ వచ్చిన మనిషి. ఎదురుగా ఫైరింజన్లు, వాటి పక్కన చేతిలో పుస్తకంతో లొరెయిన్, తన వల్ల నూట నలభై ప్రాణాలు నిలిచాయని పోలీసులకి చెబుతున్న డెల్బర్ట్.

“మీటింగు ఇక్కడేనా?” అని అడిగింది మార్నీ.

“బ్రాండల్‌కి మార్చారు,” అన్నాడు డెల్బర్ట్, మిషను చెవిలో పెట్టుకుని.

“మార్చినట్టు నోటీసు అంటించారా?”

లొరెయిన్ తలుపుకేసి చూపించింది. మూడు రోజుల క్రితం అంటించిన కాగితం అలాగే ఉంది. పది గంటలకి, ఈ భవనంలో. “రెండు రోజుల ముందు కొత్త నోటీసు అంటిస్తేనే మీటింగు మారినట్టండీ. నాకు ఫోన్ వచ్చింది ఇవాళ పొద్దున్న,” అంది. “అయిదుగురు ఉంటేనే ఓటు. వాయిదా వెయ్యడానికి మాత్రం ఇద్దరు చాలు.”

డెల్బర్ట్ తననీ మార్నీనీ లెక్కపెట్టాడు. కాలిబాట మీదే సమావేశం మొదలైందని ప్రకటించి, వీధి అవతలి కాఫీ హోటలుకి పన్నెండు గంటలకి వాయిదా వేశాడు. లొరెయిన్ ఆ సంగతి ఒక కాగితం మీద రాసి తలుపుకి అంటించి, మిగతా సభ్యులకి ఫోన్లు చేసింది.

ఫైరు కెప్టెను నేలమాళిగలోంచి పైకొచ్చాడు. “అంత ఆరోగ్యంగా ఉన్న బాయిలర్ని నేను ఈ రాష్ట్రంలో చూళ్లేదు,” అన్నాడు. “కాని లేని ప్రమాదం ఉందని దళానికి చెప్పడం నేరం. కేసు ఈ కౌంటీ ప్రాసిక్యూటరు చూసుకోవాలి.” ఆ ప్రాసిక్యూటరు డెల్బర్టే. ఆయనకి ఒక్కసారిగా అన్నీ స్పష్టంగా వినిపించడం మొదలైంది.

బ్రాండల్‌లో గెంటేసిన నలుగురూ పన్నెండుకల్లా, మంచుతో, మంటతో హోటలుకి చేరారు. వాళ్లు రాయిస్ గారి మనుషులే. ఏ ఓటుకైనా ఆయన చెయ్యెత్తితే ఎత్తేవాళ్లే. కాని చలిలో సోదాకని పోలీసు కారు మీద చేతులు ఆనించి నిలబడ్డ మనిషికి విధేయత తగ్గుతుంది. వేడి సూపు వచ్చాక లొరెయిన్ తన పుస్తకం చదివింది. ఒకతను చెంచా కింద పెట్టాడు.

“అంటే, మార్నీని తప్పించడానికి మమ్మల్ని మంచులో అంత దూరం తిప్పాడా?”

“నన్నడక్కండి. రాసుకున్నది చదివాను, అంతే,” అంది లొరెయిన్.

మార్నీ రాయిస్ గారి పేరెత్తలేదు. ఫోటోలు సంచిలో ఉండిపోయిన కేసు గురించి నాలుగు వాక్యాలు చెప్పింది. “ఆ కుర్రాడు ఇప్పటికీ రోజూ ఆ సంచి తీసి చూసుకుంటాడు. ఆ భార్య మాత్రం మళ్లీ ఆ ఇంటికే పోవలసి వచ్చింది,” అని కూర్చుంది. ఆరుగురు చేతులెత్తారు. శిక్షణ ఇకనుంచి చిన్న కౌంటీలకి వెళ్తుంది.

“మరి కేసు సంగతి?” అన్నాడు డెల్బర్ట్. “పెడితే పరువు పోయేది మనందరిదీ. పెట్టకపోతే నాది.”

“తప్పు చేసిన సభ్యుణ్ణి పాలకవర్గం శిక్షణకి పంపొచ్చని నియమాల్లో ఉంది,” అంది మార్నీ. “ఇరవై రెండేళ్లలో ఎవరూ వాడలేదు. కెప్టెన్‌కి ఆయన చేత క్షమాపణ రాయించండి, కొత్త లాయర్ల తరగతికి పంపండి.”

పక్క బల్ల దగ్గర కాఫీ తాగుతున్న కెప్టెను ఒప్పుకున్నాడు. మళ్లీ ఆరు చేతులు లేచాయి.

రెండున్నరకి షెరీఫు ఎట్టకేలకు ఫోను తిరిగిచ్చాడు. అందులో లొరెయిన్ పంపిన కబురు చూసి, రాయిస్ గారు బల్ల కిందనుంచే డెల్బర్ట్‌కి చేశారు.

“డెల్బర్ట్, మీటింగు రద్దు చెయ్యండి! నేను లేకుండా చెల్లదు!”

“చెల్లిందిలే రాయిస్. అన్నట్టు, ఒంటిగంటా పదికి నువ్వు అధ్యక్ష పదవికి రాజీనామా చేశావు. వచ్చి సంతకం పెట్టు.”

“ఏంటీ? సరిగ్గా వినపడ్డం లేదు!”

“నాకూ అలాగే ఉండేది. మిషను పెట్టుకో.”

మార్చి నెలలో మొదటి తరగతి మార్నీ ఊళ్లో, కోర్టు భవనం నేలమాళిగలో జరిగింది. ఇరవై ఇద్దరు కొత్త లాయర్లు, ఇనప కుర్చీలు, పెద్ద గిన్నెలో కాఫీ. చివరి వరసలో అరవై రెండేళ్ల మనిషి ఒళ్లో నోటు పుస్తకం పెట్టుకుని కూర్చున్నారు. ఆ పూట పాఠం, ఫోటోలు సాక్ష్యంగా పెట్టే పద్ధతి. ఆయన ఒకటికి రెండుసార్లు చెయ్యెత్తబోయి దించుకున్నారు. ఆ పద్ధతి సగం ఆయనకీ తెలియదని మొహం చూస్తే తెలిసిపోతోంది.

పక్కనున్న అమ్మాయి మర్యాదగా కాఫీ కప్పు అందించి అడిగింది. “మీరూ ఈ మధ్యనే చేరారా అండీ?”

రాయిస్ గారు మూడు గంటల నలభై నిమిషాల జవాబుకి గుండెల నిండా గాలి పీల్చారు. ముందు నిలబడ్డ మార్నీ పాఠం ఆపి ఆయనకేసి చూసింది.

“ఊఁ,” అన్నారాయన. “ఈ మధ్యనే.”

సాక్షి అబద్ధం చెప్పాడని తెలిసినా మార్నీ అభ్యంతరం చెప్పలేదు.