రెండు కంప్యూటర్లు, ఒకే పరీక్ష

ఉదయం పది గంటలకు కోడలికి ఇంటినుంచే టైపింగ్ పరీక్ష. చెవిన పడింది పడ్డట్టు కొట్టాలి. నెగ్గితే ఉద్యోగం. రెండేళ్ళు ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిరిగిన మనిషి, ఇదొక్కటీ చేజారనివ్వనని పంతం పట్టి కూర్చుంది.

అత్తగారు ముప్పై ఏళ్ళు టైపింగ్ నేర్పిన పంతులమ్మ. ఆవిడ లెక్కలో కంప్యూటరంటే బల్ల మీద కదలకుండా కూర్చునేదే.

"డెస్క్‌టాప్ మీద కొట్టవే అమ్మాయ్. మీట నొక్కితే నొక్కినట్టు తెలుస్తుంది. ఒళ్ళో పెట్టుకోడానికి అదేమన్నా పిల్లికూనా?"

"నా చేతులకి ల్యాప్‌టాపే అలవాటు అత్తయ్యా," అంటూ కోడలు గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

మధ్యలో కొడుకు. పెళ్ళయిన నాటినుంచి ఎవరి మాటా కాదనకుండా నెట్టుకొస్తున్న ఘనుడు. ఇద్దరిలో ఎవరూ నొచ్చుకోకూడదని పరీక్ష లింకు ముందు హాల్లోని డెస్క్‌టాప్‌లో తెరిచి, తర్వాత ల్యాప్‌టాప్‌లోనూ తెరిచాడు. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

పది కొట్టగానే ల్యాప్‌టాప్ మీద ఒక ముక్క ప్రత్యక్షమైంది: 'మీ పరీక్ష వేరే కంప్యూటర్‌లో మొదలైంది.'

"ఏమండీ! ఇదేం చోద్యం?"

"కంగారుపడకు, ఆపి మళ్ళీ పెడితే సరి," అన్నాడతను ధీమాగా. మళ్ళీ పెట్టగానే అది అప్‌డేట్‌కి కూర్చుని, రెండు శాతం దగ్గర కునుకు తీసింది. కోడలి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అంతలో హాల్లోంచి టకటకా చప్పుడు. ఇద్దరూ పరుగెత్తారు. డెస్క్‌టాప్ స్పీకర్లోంచి ఎవరో చదువుతున్నారు, అత్తగారు కళ్ళు మూసుకుని కొట్టేస్తున్నారు. డిక్టేషన్ వినబడితే ఆవిడ వేళ్ళు ఆగుతాయా?

"అమ్మా, ఆపు! అది తన పరీక్ష!"

"డిక్టేషన్ మధ్యలో మాట్లాడకూడదని తెలీదూ?" అన్నారావిడ. చివరి చుక్క పెట్టేదాకా చేతులు తియ్యలేదు.

పావుగంటలో కోడలికి కంపెనీ మేనేజరు ఫోన్ చేశాడు. "నిమిషానికి డెబ్భై మాటలు, ఒక్క తప్పు లేదు! సోమవారం చేరిపోండమ్మా."

కోడలు నోరు తెరిచేలోపే అత్తగారు ఫోన్ లాక్కున్నారు. "కొట్టింది నేను బాబూ, దాని అత్తగార్ని. నా మార్కులు దానికొద్దు. ఇంకోసారి పరీక్ష పెట్టండి. తక్కువొస్తే నన్నడగండి."

మధ్యాహ్నం మళ్ళీ పెట్టారు. ల్యాప్‌టాప్ మీదే. అత్తగారు గుమ్మంలో కాపలా కూర్చుని కొడుకును ఏ కంప్యూటర్ దరిదాపులకీ రానివ్వలేదు. కోడలికి నలభై ఐదు వచ్చాయి. నలభై చాలట. సంతోషం పట్టలేక అత్తగారిని కావలించుకుంది.

మేనేజరు గడుసువాడు, ఇద్దరినీ తీసుకున్నాడు. మర్నాడే కంపెనీనుంచి రెండు ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. అత్తగారు తన పెట్టె విప్పి, ఉన్నదాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, తెచ్చినతన్ని అడిగారు.

"మిగతాది ఎప్పుడు తెస్తారు?"