మంత్రిగారు సవరించిన ఎర్రనీటి పాట

నూకరత్నానికి ఉన్న భయాలన్నిటిలోకీ పెద్దది ఒకటే. తన ఏడేళ్ళ కూతురు సత్యకుమారి బడిలో చెప్పిన పాటని తప్పుల్లేకుండా నేర్చేసుకుంటుందేమోనని.

అది మామూలు పాట కాదు. రాజమండ్రిలో రచయితల హక్కుల పరిరక్షణ వారోత్సవాలు ప్రారంభిస్తూ మంత్రిగారు ఆవిష్కరించిన పిల్లల పాటల పుస్తకంలో మొట్టమొదటి పాట. రచన: మంత్రిగారు. ఒకపక్క రచయితల్ని కాపాడుతూ, ఇంకోపక్క తీరిక చేసుకుని తానే రచయిత కావడం ఆయనకే చెల్లింది. సాయంత్రానికల్లా పుస్తకం జిల్లాలో ప్రతి బడికీ చేరింది.

అంతకుముందు ఆ పాట నూకరత్నం నోట్సులో ఉండేది. ఏడో తరగతిలో బడి మానిపించి పెళ్ళి చేసేసినా ఆమెకి రాత మాత్రం పోలేదు. మొగుడు బుల్లియ్య చేపల వేటకి పోతాడు. ఇల్లేమో ఏటిగట్టుకీ నీళ్ళకీ మధ్య. వరదనీరు ఎర్రగా తిరిగిందంటే పిల్ల ఏం చెయ్యాలో గుర్తుండాలని, "ఎర్రనీరొచ్చిందే, పరిగెత్తి గట్టెక్కవే" అని రాసి నేర్పింది. వయోజన విద్య ఆఫీసరు చంద్రరావుగారు ముచ్చటపడి ఆ నోట్సు పట్టుకెళ్ళారు. మంత్రిగారు చదివి, "మన పిల్లలకి పారిపోవడం నేర్పుతామా?" అని ఒక్క ముక్క సవరించారు. "ఎర్రనీరొచ్చిందే, మెట్లు దిగి ఎదురెళ్ళవే."

వారోత్సవాల మూడోరోజు సభ బయట నూకరత్నం చంద్రరావుగారిని పట్టుకుంది. ఆయన విసుక్కోలేదు. కాపీరైటు చట్టం మొత్తం నిలబెట్టి చెప్పారు.

"చాలా సులువమ్మా. రాసిన క్షణంలోనే రాసినవాళ్ళకి హక్కు పుట్టేస్తుంది. రిజిస్ట్రేషను కూడా అక్కర్లేదు."

"అయితే అది రాసింది నేనేనండి."

"నువ్వా?" ఆయన రిజిస్టరు తెరిచారు. "టార్గెట్‌కి ముగ్గురు తగ్గితే నిన్ను నిరక్షరాస్యుల్లో చేర్చాం కదమ్మా. రాయడం రానిదానివి ఎలా రాస్తావు?"

"నా నోట్సు మీరే కదండీ పట్టుకెళ్ళారు."

"ఇప్పుడది ఆఫీసు రికార్డు. కావాలంటే అర్జీ పెట్టుకో."

నూకరత్నం అక్కడే అర్జీ రాసి సంతకం పెట్టింది. ఆయన సంతకం మీద తెల్లకాగితం ముక్క అంటించి, దానిమీద వేలిముద్ర వేయించుకున్నారు. రికార్డు చెడకుండా ఇంత శ్రద్ధ తీసుకునే అధికారులు ఎంతమంది ఉంటారు?

"పోనీ పేరు ఆయనదే ఉండనివ్వండి. ఆ ఒక్క లైను మార్పించండి సార్. ఏటి ఒడ్డు పిల్లలండి."

"ఎంతమాటన్నావు. ఒకరు రాసినదాంట్లో ఇంకొకరు అక్షరం మార్చకూడదు. లోపల ఆయన అదే చెబుతున్నారు, విను."

మైకులో చప్పట్లు వినబడ్డాయి.

ఇంట్లో ఆమె పిల్లచేత పాతమాటే పాడించింది. బడిలోనూ పిల్ల అలాగే పాడింది. మర్నాడు హెడ్మాస్టరు పెదబాబుగారు ఇంటికే వచ్చారు.

"ఏంటమ్మా, మంత్రిగారి సాహిత్యాన్ని నీ ఇంట్లో మార్చేస్తున్నావంట. కేసవుద్ది."

"నాకు భయమేస్తందండి మాస్టారూ."

"భయమెందుకు? ఆ రాగం మీ పిల్లకి వచ్చినట్టు ఇంకెవరికీ రాలేదు. ముగింపు రోజు రేవులో, మంత్రిగారి ఎదుట, దీన్నే ముందు నిలబెడుతున్నాం. అభినయంతో సహా."

పిల్ల తల్లికేసి జాలిగా చూసింది. "నువ్వు తప్పు రాశావంటమ్మా. పుస్తకంలో ఉన్నదే కరెక్టంట."

ఈరోజే ఆ ముగింపు. తెల్లారేసరికి నీళ్ళు ఎర్రగా తిరిగాయి. పదింటినుంచీ పిల్లలు రేవు మెట్లమీద బారుగా నిలబడి ఉన్నారు. మంత్రిగారు ద్రాక్షారామంలో దర్శనం ముగించుకుని బయల్దేరారని రెండుసార్లు ప్రకటించారు. రేవుకి అడ్డంగా కర్రలు కట్టారు. రచయితలకి తప్ప ఎవరికీ పాసుల్లేవు కనుక నూకరత్నం కర్రలకి ఇవతలే ఉంది. ఇక్కణ్ణించి మైకు వినబడుతుంది గానీ మెట్లు కనబడవు. పాట మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నారు.

మీలో పాసున్న వాళ్ళెవరైనా ఉంటే, ముందు వరసలో పసుప్పచ్చ గౌను వేసుకున్న పిల్ల ఇప్పుడు ఏ మెట్టు మీద ఉందో ఒక్కసారి చూసి చెప్పండి.