అప్పగింతకు అభ్యంతరం లేదు

వర్జిల్ స్టాంపర్ ఆ ఉదయం వేసుకున్న పథకం చిన్నదే. తొమ్మిదింటికి కోర్టులో బెయిలు, పదకొండుకు ఇంటి పెరట్లో కూతురు లార్నా పెళ్లి. తన గేటుకు అడ్డంగా పాతిన రోడ్డు బోర్డును ట్రాక్టరుతో పెకలించి, రెండు రోజులుగా లాకప్పులో ఉన్నాడు.

జడ్జి ఒక కాగితం ముందుకు తోశాడు. టెనెసీ రాష్ట్రం దాటనని, దాటి వేరే రాష్ట్రంలో ఎక్కడ దొరికినా తిరిగి టెనెసీకి అప్పగింతకు అభ్యంతరం చెప్పనని ముందే రాసివ్వాలి.

"ఎవరూ అడగని అప్పగింతకు ఇప్పుడే ఒప్పుకోవడమేంటండీ? అసలిది చెల్లుతుందా?" అంది లాయరు.

"చెల్లదనుకుంటే లోపలే ఉండమనండి."

పెళ్లికి గంటన్నరే ఉంది. వర్జిల్ చదవకుండానే సంతకం పెట్టాడు. దారిలో లాయరు అది చదివి వినిపించాక అతని ముఖం పాలిపోయింది. తాత కట్టిన ఆ ఇంటి వంటగది గడప మీదుగానే రాష్ట్రాల సరిహద్దు పోతుంది. ఇల్లు టెనెసీ, పెరడు కెంటకీ. పెళ్లి లైసెన్సు కెంటకీది. అక్కడ జరిగితేనే చెల్లుతుంది.

గడప దగ్గర టెనెసీ పోలీసు డిప్యూటీ టటిల్ అప్పటికే బేడీలతో నిలబడి ఉన్నాడు. బడిలో ఇద్దరిదీ ఒకే బెంచీ.

"దాటావో, లాక్కొచ్చేస్తానురోయ్."

"పాతిక అడుగులేరా! పిల్ల చెయ్యి అందించి వచ్చేస్తా."

"సంతకం పెట్టింది నువ్వేగా?"

లార్నా తండ్రి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "నువ్వు రాకపోతే నేనూ కదలను నాన్నా." పెళ్లికొడుకు పూలపందిరి కింద చెమటలు తుడుచుకుంటున్నాడు. పన్నెండింటికి పక్క ఊళ్లో అంత్యక్రియలున్న పాస్టరు గడియారం చూసుకుని, ఇక ఆగలేక అక్కడి నుంచే కేకేశాడు.

"ఈ పిల్లను అప్పగించేదెవరు?"

"నేనే!" అంటూ వర్జిల్ కూతురితో సహా గడప దాటేశాడు.

టటిల్ ఒక్క దూకు దూకి, పందిరి దగ్గర అతని కాలరు పట్టుకున్నాడు. ముందు వరుసలోంచి పెళ్లికొడుకు మేనమామ లేచాడు. ఆయన ప్రూయిట్, సరిహద్దుకు ఇవతల కెంటకీ వైపు షెరీఫ్.

"తుపాకీతో మా రాష్ట్రంలోకొచ్చి మనిషిని ఎత్తుకుపోతున్నావేంటి, బాబూ?"

"వీడు అప్పగింతకు ముందే ఒప్పుకున్నాడండీ!"

"మీ జడ్జి దగ్గర. మా జడ్జి దగ్గర కాదుగా. చేతులిలా పెట్టు."

టటిల్ బేడీలు టటిల్‌కే పడ్డాయి. పెళ్లయింది. లాక్కెళ్లే మనిషి లేక, వర్జిల్ కేకు ముక్కతో తనే గడప దాటి టెనెసీకి వచ్చేశాడు.

మధ్యాహ్నం కెంటకీ జడ్జి టటిల్‌కు బెయిలిస్తానన్నాడు, ఒక చిన్న కాగితం మీద సంతకం పెడితే చాలట.