బోరింగ్‌కు లండన్ బహుమతి

ఆ వేసవి పొద్దున నర్సప్ప వేసుకున్న పథకం చాలా చిన్నది. జహీరాబాద్‌లోని తన సైకిల్ దుకాణం తలుపు చెక్కలు తీయాలి. హైదరాబాద్ బస్సులో వచ్చే పత్రికల కట్ట విప్పాలి. అందులో తన వార్త చూసుకోవాలి. ఆ పత్రిక పట్టుకుని న్యాల్‌కల్ దిక్కున ఉన్న ఎర్రకుంటకు పోయి అక్క బీరమ్మ ముందు పరచాలి. అక్క రెండు నెలలుగా అతన్ని గడప తొక్కనివ్వడం లేదు. "బోరింగ్ బాగు జేపిస్తనని నలుగుర్ల మాటిచ్చినవ్. నీళ్లు వచ్చినంకనే నా ఇంటికి రా" అని తేల్చి చెప్పింది.

జహీరాబాద్ చుట్టుపక్కల చేతిపంపును బోరింగ్ అంటారు. ఎర్రకుంటకు ఉన్నది ఒక్కటే బోరింగ్. ఆరు నెలల కింద దాని లోపలి రాడ్డు తెగింది. అప్పటినుంచి ఆడవాళ్లు రెండు మైళ్లు నడిచి, ఎవరిదో బావి దగ్గర బతిమాలి, బిందెడు నీళ్లు తెచ్చుకుంటున్నారు. పగలు సైకిళ్లు బాగుచేస్తూ, తీరిక దొరికితే పత్రికకు వార్తలు రాసే నర్సప్ప ఈ సంగతిని పదకొండుసార్లు పోస్టులో పంపాడు. పదకొండుసార్లూ అది డెస్కు కింది బుట్టలోకే పోయింది. జానెడు ఊరు, బారెడు దాహం, ఎవడిక్కావాలి?

చివరికి ఆ ఊరి కూలి మనిషి ప్రకాశం బోరింగ్ పక్కన గొంగడి పరచుకుని నిరాహారదీక్షకు కూర్చున్నాడు. నర్సప్ప ఈసారి పోస్టును నమ్మకుండా తార్ కొట్టాడు. తంతికి తెలుగు రాదు. నర్సప్పకు ఇంగ్లిష్ రాదు. ఇద్దరూ మధ్యలో ఎక్కడో కలుసుకున్నారు: ఎర్రకుంట ప్రకాశం, బోరింగ్, ఆరు నెలలు, ఆకలి, జనం, రెండు మైళ్లు. క్రియలన్నీ నర్సప్పే మింగేశాడు.

వార్త పడింది. మొదటి పేజీలోనే పడింది, చుట్టూ పెట్టె కట్టి మరీ.

"లండన్‌లో ఎర్రకుంట బిడ్డ జయకేతనం! మెదక్ జిల్లా ఎర్రకుంటకు చెందిన ప్రకాశం తీసిన ‘బోరింగ్’ చిత్రానికి లండన్‌లో గొప్ప బహుమతి దక్కింది. ఆకలి ఇతివృత్తంతో తీసిన ఈ చిత్రం ఆరు నెలలు ఆడింది. టికెట్ల కోసం జనం రెండు మైళ్ల పొడవున బారులు తీరారు. ఇంగ్లిష్‌లో బోరింగ్ అంటే విసుగు. సొంత సినిమాకు విసుగు అని పేరు పెట్టిన తెలుగువాడి గుండెధైర్యానికి తెల్లవారు ముక్కున వేలేసుకున్నారు."

పక్కన టోపీ పెట్టుకున్న ఎవరిదో ఫొటో. ఆ టోపీ కూడా ప్రకాశానిది కాదు.

నర్సప్ప దుకాణం అట్లాగే వదిలి తార్ ఆఫీసుకు ఉరికి ట్రంకు కాల్ బుక్ చేశాడు. రెండు గంటల తర్వాత హైదరాబాద్ డెస్కు నుంచి ఉపసంపాదకుడు అమర్నాథ్ గొంతు వినిపించింది.

"నర్సప్ప గారూ! అదరగొట్టారండీ. ప్రకాశం అనే భారత సంతతి దర్శకుడికి లండన్‌లో బహుమతి అని నిన్న ఏజెన్సీ వార్త వచ్చింది. ఎక్కడివాడో తెలియక జుట్టు పీక్కుంటుంటే మీ తంతి దిగింది. రెండూ కలిపి అతికించేశాను."

"అయ్యో సాబ్, ఆ ప్రకాశం వేరు, మా ప్రకాశం వేరు! మావోడు సినిమా జూసుడే తప్ప తీసుడు ఎరుగడు. బోరింగ్ అంటె సినిమా గాదు. నీళ్లు కొట్టే బోరింగ్!"

"ఏమిటీ, మీ వైపు చేతిపంపును బోరింగ్ అంటారా?"

"అంటం!"

"అద్భుతం! పుట్టిన ఊరి పంపు పేరే సినిమాకు పెట్టుకున్నాడన్నమాట. రేపు వేసేస్తాను."

నర్సప్ప నెత్తి కొట్టుకున్నాడు. "జర ఆగున్రి సాబ్. అసలు ఆ లండన్ ఆయన తీసిన సినిమా ఏంది? దేని గురించి?"

"అది ఏజెన్సీ వార్త చివర్లో ఉన్నట్టుంది. చోటు చాలక కోసేశాం. పాఠకుడికి కావలసింది సినిమా కాదండీ, మనవాడా కాదా అన్నదే. వాళ్లమ్మగారి ఇంటర్వ్యూ సాయంత్రానికి పంపండి." లైను తెగింది.

సినిమా అంటే సర్కారే లేచి నిలబడే రోజులవి. మంత్రి పత్రిక చదివాడు, ఆ ఊరికి తానే వస్తానని కలెక్టర్‌కు ఫోన్ చేశాడు. కలెక్టర్ పంచాయతీ సమితి ప్రెసిడెంటు మహాదేవప్పకు ఫోన్ చేశాడు. నర్సప్ప సైకిల్ తొక్కుకుంటూ చెమటలు కక్కుతూ ఎర్రకుంట చేరేసరికి, నాలుగు రోజులుగా దీక్ష వైపు తల కూడా తిప్పని మహాదేవప్ప జీపు బోరింగ్ ముందు నిలబడి ఉంది. మహాదేవప్ప చేతిలో గజమంత బంతిపూల దండ.

"ప్రకాశం, నీ బోరింగ్ ముచ్చట పేపర్ల జూసిన. పానం లేచొచ్చింది" అంటూ దండ వేశాడు.

ఆకలితో సోలిపోతున్న ప్రకాశానికి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. "ఇప్పటికన్న జూసిన్రు. దండం పెడ్త సార్."

"మేం జూసుడేంది, లోకమంత జూస్తుంది! ఎన్ని దినాలు కష్టపడ్డవ్?"

"నాలుగు దినాలు."

"నాలుగే దినాలల్ల తీసినవా?"

"యాడ తీసిన సార్? పైపులన్ని లోపల్నే ఉన్నయ్. మీ మనుషులొచ్చి తియ్యాలె."

మహాదేవప్ప వెనక్కి తిరిగి గుమాస్తాతో, "కళాకారుడు. మాటలు లోతుగుంటయ్" అన్నాడు. మళ్లీ ఇటు తిరిగి, "లండన్ ఎట్లున్నది?" అని అడిగాడు.

"నేను బీదర్ దాటి పోలే సార్."

"సూడున్రి, ఎంత అణకువ!"

నర్సప్పకు మనసాగలేదు. నిజం చెప్పడం అతనికి వృత్తి కాదు, రోగం. "సార్, పేపర్ల తప్పు పడ్డది..." అంటూ ముందుకు వచ్చాడు. వెనకనుంచి ఎవరో చొక్కా పట్టి గుంజారు. బీరమ్మ.

"నోర్మూయ్" అని గుసగుసగా అని, ఖాళీ బిందె చంకన పెట్టుకుని ఆమే ముందుకు నడిచింది. "ప్రెసిడెంటు సారూ, మంత్రి వస్తుండంట గద? పేపరోళ్లు ఫోటువలు దీస్తరంట. ‘లోకం మెచ్చిన బోరింగ్ ఇదేనా’ అని మంత్రి చెయ్యేసి కొట్టంగనే ఉత్త గాలి బుస్సుమన్నదనుకో. ఎవని ఇజ్జత్ పోతది?"

మహాదేవప్ప ముఖంలో బంతిపూల రంగు పోయింది. బోరింగ్ వైపు చూశాడు, బిందె వైపు చూశాడు, గుమాస్తా మీద ఒంటికాలిపై లేచాడు.

ఆరు నెలలు దొరకని మెకానిక్ మర్నాడు పొద్దుటికే దొరికాడు. జిల్లాలోనే లేవన్న రాడ్లు, వాషర్లు జీపు దిగాయి. మధ్యాహ్నానికి బోరింగ్ నాలుగుసార్లు దగ్గి, తుప్పు నీళ్లు కక్కి, ఆ తరువాత తెల్లటి ధార విడిచింది. ఆ నీళ్లతోనే ప్రకాశం దీక్ష విరమించాడు. దండ మాత్రం తీయలేదు. ఎందుకేశారో తెలియకపోయినా బాగుంది.

బీరమ్మ తమ్ముణ్ని ఇంట్లోకి పిలిచి చెంబు చేతికిచ్చింది. నర్సప్ప తాగకుండా నిలబడ్డాడు. "అక్కా, ఇవి అబద్ధం మీద వచ్చిన నీళ్లు."

"ఆరు నెలలు నిజం రాస్తివి గద తమ్మీ. ఎన్ని బిందెలు నిండినయ్?"

నర్సప్ప తాగాడు.

మూడో రోజు పత్రిక ఆఖరి పేజీలో, చెప్పుల ప్రకటన కింద, చీమతలంత అక్షరాలతో ఒక సవరణ పడింది. బహుమతి పొందిన ప్రకాశం దక్షిణాఫ్రికాలో పుట్టి లండన్‌లో స్థిరపడిన మనిషి. ఎర్రకుంటతో ఆయనకు సంబంధం లేదు. పొరపాటుకు చింతిస్తున్నాము. మొదటి పేజీలో అబద్ధం, ఆఖరి పేజీలో చింత. ఆయన ఏ సినిమా తీశాడో, దానికి బహుమతి ఎందుకిచ్చారో సవరణలో కూడా లేదు.

మంత్రి రాక రద్దయింది. మహాదేవప్ప పళ్లు నూరాడు. "లండనోడని ఇచ్చిన సామాను అది. కూలోనికి గాదు. పీకుకరాన్రి!" అని మెకానిక్‌ను తోలాడు. మెకానిక్ పానా పట్టుకుని ఎర్రకుంటలో దిగేసరికి బీరమ్మతో సహా ఇరవై మంది ఆడవాళ్లు బిందెలు బోర్లించి బోరింగ్ చుట్టూ కూర్చుని ఉన్నారు. "ముట్టు సూద్దాం" అన్నది బీరమ్మ. మెకానిక్ ముట్టలేదు. సాయంత్రం పోలీసులతో వస్తానని చెప్పి వెళ్లాడు, కానీ పోలీసులకు బందోబస్తు ఉండి ఆ పని మర్నాటికి వాయిదా పడింది.

ఆ మధ్యలో నర్సప్ప మళ్లీ తార్ ఆఫీసుకు ఉరికాడు. ఈసారి ఖర్చుకు వెనకాడక క్రియలు కూడా పెట్టాడు. ప్రెసిడెంటు మహాదేవప్ప బోరింగ్‌ను తీసేయిస్తున్నాడు, ఆడవాళ్లు అడ్డుకుంటున్నారు అని అర్థం వచ్చేటట్టు రాసి, రెండుసార్లు చదువుకుని, ఇక ఎంత తెలివి తక్కువవాడికైనా అర్థమవుతుందని ధైర్యం తెచ్చుకున్నాడు.

అతనికి తెలియనిదల్లా ఒక్కటే. సవరణ వేసింది వేరే ఉపసంపాదకుడు. సొంత పత్రిక చదివే అలవాటు అమర్నాథ్‌కు లేదు.

తెల్లారి మొదటి పేజీ: "‘బోరింగ్’పై కత్తి! లండన్ మెచ్చిన చిత్రాన్ని జహీరాబాద్‌లో తీసేయిస్తున్న సమితి ప్రెసిడెంటు మహాదేవప్ప. భగ్గుమన్న మహిళా ప్రేక్షకులు."

పది గంటలకల్లా హైదరాబాద్ నుంచి కళాకారుల సంఘాల తంతులు వానలా కురిశాయి. కళను చంపకండి అని ఒకరు, తెలుగుజాతి క్షమించదని మరొకరు. సినిమా చూసినవాడు ఒక్కడూ లేడు. కలెక్టర్ ఫోన్‌లో ఒకటే మాట అడిగాడు: "మీకు మతి ఉందా?" పోలీసులకు బదులు మహాదేవప్పే ఎర్రకుంటకు ఉరికాడు. కండువా నడుముకు చుట్టి, రెండు చేతులా బోరింగ్ కొడుతూ, వెంట తెచ్చుకున్న ఫొటోగ్రాఫర్ వైపు తిరిగి అరిచాడు.

"ఎవడన్నడు తీసేసిన్నని? బోరింగ్ ఈన్నే ఉన్నది! నడుస్తున్నది! సూడున్రి, ఎంత మంది లైన్ల ఉన్నరో. హౌస్‌ఫుల్!"

"గంతే గాదు సారూ" అన్నది బీరమ్మ, బిందె ధార కింద పెడుతూ. "ఎన్నటికీ తియ్యనని రాసియ్యి."

మహాదేవప్ప ఊరందరి ముందు సంతకం పెట్టి ముద్ర వేశాడు. ఆ కాగితాన్ని బీరమ్మ రైక మడతలో దోపుకుంది. ప్రకాశం ఎండిపోయిన బంతిదండ తీసి బోరింగ్ మెడలో వేశాడు.

ఆ సాయంత్రం నర్సప్ప వార్త రాసి పన్నెండోసారి పోస్టులో వేశాడు. ఎర్రకుంట బోరింగ్ బాగైంది, నీళ్లు వస్తున్నాయి, జనం తాగుతున్నారు. అందులో ఒక్క తప్పూ లేనందువల్ల కాబోలు, అది అచ్చు కాలేదు.