కణాలకు కొసరు వడ్డన

ఆ ఇంటి అత్తగారిలో ఒక్కటే లోపం. ఆకలితో ఎవరున్నా చూడలేరు. ఆవిడ చలవ వల్లే ముప్పై నిండిన చిన్నకొడుకు ఇంకా సోఫాలో, ఒళ్ళో పళ్ళెంతో, ఉద్యోగం గురించి ఆలోచిస్తున్నాడు.

పెద్దకోడలిది ల్యాబు ఉద్యోగం. మెదడులో నరాల తీగలకు తొడుగు చుట్టే గ్లియా కణాలను, ఆ తీగలతో పాటే గాజు గిన్నెల్లో పెంచుతుంది. పెరగమని సంకేతమిచ్చే ప్రోటీను అందినంతకాలం అవి పిల్లల్ని పెడుతూ, తామూ పసివాళ్ళలాగే ఉండిపోతాయి. అది ఆపితేనే చేతులు చాచి పనిలోకి దిగుతాయి. సోమవారం కమిటీ ఆ తొడుగులు చూస్తే ఆమె ఉద్యోగం నిలుస్తుంది. లేకపోతే సోఫాలో ఇద్దరు.

శనివారం పొద్దున్నే ఆమెకు జ్వరం. పక్క ల్యాబులో ఎముకల మీద పనిచేసే భర్తకు పని అప్పజెప్పింది.

"ద్రవం మార్చి వచ్చెయ్యండి. ఎర్రమూత సీసా మాత్రం ముట్టుకోకండి."

"చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్తావేంటి?"

వెళ్ళి మైక్రోస్కోపులో చూస్తే కణాలు పీక్కుపోయి, సన్నటి చేతులు చాచడం మొదలుపెట్టాయి. జ్వరంలో ఉన్న భార్యను లేపడం ఎందుకని తల్లికి ఫొటో పంపాడు.

"అయ్యో, చేతులు చాచి అడుక్కుంటున్నాయిరా! ఆ ఎర్రమూతదేదో పెట్టు."

"అది తిండి కాదమ్మా, సంకేతం. పెరగమని చెప్పేది."

"ఇన్నేళ్ళూ నేను పెట్టిందీ అదేగా!"

పెట్టాడు. మరీ చిక్కిపోయిన ఒక గిన్నె ఇక దక్కదని, అందులో మాత్రం వెయ్యకుండా ఇంక్యుబేటర్‌లో వెనక మూలకి నెట్టాడు. ఆదివారం అత్తగారు ఫోన్‌లోనే కొసరు కూడా వేయించారు.

సోమవారం కోడలు గిన్నెలు చూసి కుర్చీలో కూలబడింది. అన్నీ పిల్ల కణాలే. తొడుగు జాడ లేదు.

"ఎర్రమూత ముట్టుకున్నారా?"

"అమ్మ..."

"మీ అమ్మ ల్యాబుకొచ్చారా?"

"ఫోన్లో..."

అరవడానికి ఆమెకు ఓపిక లేదు. కమిటీ అప్పటికే మెట్లెక్కుతోంది. అన్నీ పారేద్దామని ఇంక్యుబేటర్‌లో చెయ్యి పెడితే వెనక మూల గిన్నె తగిలింది. ఎవరూ పట్టించుకోని ఆ కణాలు బుద్ధిగా తీగ తీగకూ తొడుగు చుట్టి కూర్చున్నాయి. కమిటీ ఒకరి తర్వాత ఒకరు తొంగిచూసి, ఉద్యోగం పొడిగించి వెళ్ళిపోయింది.

సాయంత్రం కోడలు రెండు ఫొటోలు అత్తగారి ముందు పెట్టింది.

"ఈ బొద్దువి?"

"మీరు పెట్టించినవి. దేనికీ పనికిరాలేదు."

"ఈ బక్కవి?"

"ఎవరూ పెట్టనివి. నా ఉద్యోగం నిలబెట్టాయి."

అత్తగారు ఫొటోల వంక చూశారు. సోఫా వంక చూశారు. చాలాసేపు సోఫా వంకే చూశారు.

"తప్పు నాదేనమ్మా," అని లేచి వెళ్ళి, చిన్నకొడుకు ఒళ్ళోంచి పళ్ళెం తీసేసుకున్నారు.

"అమ్మా, ఇంకా తింటున్నా!"

అతడు రెండు చేతులూ చాచాడు. కోడలి శాస్త్రం ప్రకారం అది మంచి లక్షణమే.