తొమ్మిదో పేరు

పెళ్లి చేయడం కన్నా పెళ్లిపత్రిక అచ్చు వేయించడం కష్టం. పెళ్లికి మనుషులు వస్తే చాలు, పత్రికలో మనుషులు సరిపోవాలి.

హనుమకొండలో బట్టల దుకాణం ఉన్న సాంబయ్య, డెబ్బై ఎనిమిది వేసవిలో ఒక ఉదయం, టీ తాగి కూతురు అరుణ పెళ్లిపత్రికను ప్రెస్సులో ఇచ్చి రావాలనుకున్నాడు. అడుగున ఆహ్వానించే బంధువుల పేర్లు రెండు వరసలు. వియ్యంకుడు రామలింగం తనవైపు తొమ్మిది పేర్లు పంపాడు. అందులో ఒక డిప్యూటీ కలెక్టరు. సాంబయ్య వైపు ఎన్నిసార్లు చూసినా ఎనిమిదే, అందరూ కిరాణావాళ్లే. ఆయన కాసేపు ఆలోచించి, తనలో తానే నవ్వుకుని తొమ్మిదో పేరు రాశాడు: నాగభూషణం, రిటైర్డ్ తాసీల్దారు.

"ఎవలీయన?" అంది భార్య భారతి.

"ఎవలు లేరు. ఉత్తగనే రాసిన. జర నిండుగ కనపడతది."

"ఉన్న చుట్టాలతోనే యాగలేక సస్తాంటే, లేనోళ్లను గూడ తెస్తవా?"

పెళ్లినాడు బస్సు దిగుతూనే రామలింగం అడిగాడు. "బావా, తాసీల్దారు సాబ్ వచ్చిండా?"

"వస్తాండు."

వరపూజప్పుడు మళ్లీ అడిగాడు. ముహూర్తం అరగంట ఉందనగా మూడోసారి అడిగి, మొహం మాడ్చుకుని కూర్చున్నాడు. కొడుకును పీటల మీదికి పంపమంటే, "ఆగుండ్రి. ఆ పెద్దమనిషి వస్తాండా లేదా, ఒక్క మాట చెప్పుండ్రి" అన్నాడు.

మాట పందిరంతా పాకింది. భారతి తమ్ముడు యాకయ్య తేల్చేశాడు. "అలిగిండు బావా. మొన్న ధర్మసాగర్ బస్సుల కలిసిండు. ఇంటికొచ్చి బొట్టు పెట్టకుంట పోస్టుల కార్డు పంపిస్తె పిలిచినట్టేనా అన్నడు."

సాంబయ్య బావమరిది మొహంలోకి చూశాడు. అక్కడ అబద్ధం జాడ లేదు.

"ఆయన కత ఎప్పుడు గంతే" అంది సాంబయ్య మేనత్త మల్లక్క. "నా లగ్గంల పప్పుల ఉప్పు తక్వైందని ఇస్తారి ముందట్నుంచి లేసిపోలే?"

ఒక చుట్టం తమకు తెలియదని ఒప్పుకోవడం కన్నా, ఆయన కోపిష్టి అని చెప్పడమే మనుషులకు మర్యాదగా తోస్తుంది కాబోలు.

బతిమాలి తీసుకురావడానికి యాకయ్య కారు మాట్లాడుతున్నాడు. సాంబయ్య ఇక తట్టుకోలేక రామలింగాన్ని గాడిపొయ్యి వెనక్కి తీసుకెళ్లి చేతులు పట్టుకున్నాడు.

"తప్పైంది బావా. అసొంటి మనిషే లేడు. పత్రికల జాగ నింపెతందుకు రాసిన. పిల్ల లగ్గం ఆపకు."

"లేడా?"

"లేడు."

"నిజంగ?"

"అరుణ మీదొట్టు."

రామలింగం కండువాతో మెడ తుడుచుకున్నాడు. "సంపినవ్ గదనే! మా డిప్టీ కలెక్టర్ గూడ లేడు. నీ తాసీల్దారొచ్చి, ఆయన ఏ జిల్లల చేసిండని అడిగితె ఏం చెప్పాల్నని పొద్దట్నుంచి మంచినీళ్లు గూడ దిగుతలేవు నాకు."

ముహూర్తం వేళకే పుస్తె పడింది.

ఇప్పుడు అరుణకు కొడుకు. వచ్చే బుధవారం పేరు పెడుతున్నారు. ఈసారి నాగభూషణం ఇంటికి పోయి బొట్టు పెట్టి పిలవకపోతే తాను గడప తొక్కనని మల్లక్క భీష్మించుకుంది. నిజం చెబితే రెండిళ్ల పరువు పోతుంది. చంపేద్దామంటే పసివాడికి మైల. పాఠకుల్లో అనుభవజ్ఞులు ఎవరైనా ఉంటే దయచేసి ఒక ఉపాయం చెప్పండి, కాస్త తొందరగా చెప్పండి. యాకయ్యకు ఆయన ఇల్లు తెలుసట.