పీతకు పురిటిగది

పెంకు వదిలిన పీతలకు జాలరుల ఇళ్ళలో పదకొండు రోజులు పురిటిగది ఇవ్వాలన్న ఉత్తర్వు ప్రకారం, బొండురేవులో మాసేనమ్మ ఇంటికి ఒక మండపీత సోమవారం పొద్దున్నే నడిచి వచ్చింది. పాత పెంకును వెనకాల ఈడ్చుకొచ్చి, ఆధారంగా గుమ్మంలో పెట్టింది. వెంట వచ్చిన మెత్తదన పరీక్షాధికారి ఉమామహేశ్వరంగారు దాని కాలి మొదట్లో బొటనవేలితో నొక్కి చూశారు. వేలు దిగబడింది. ‘మెత్తన’ అని రాసి, ముద్ర వేసి, ఆ ఇంట్లో ఉన్న ఒక్క గదినీ దానికి అప్పగించారు.

“తలుపు కాస్త దగ్గరగా వేయండమ్మా, గాలి తగులుతోంది,” అంది పీత.

మాసేనమ్మ తలుపు వేసింది.

బొండురేవులో దీనికి ఎవరూ వింతపడలేదు. ఉత్తర్వు వచ్చి రెండేళ్ళయింది, ప్రతి ఇంట్లోనూ ఒక పీతకైనా పురుడు పోశారు. పెంకు వదిలిన పీత ఒళ్ళంతా నీరే. వలలో పడితే చితికిపోతుంది, కొనేవాడు ఉండడు. అదే పదకొండు రోజులు చీకట్లో కదలకుండా పడుకుంటే గట్టిపడి, కండపట్టి, విదేశాలకు విమానమెక్కే సరుకవుతుంది. అందుకే ఆ గదిలో దీపం పెట్టకూడదనీ, గట్టిగా మాట్లాడకూడదనీ, పీత చేత ఏ పనీ చేయించకూడదనీ నిబంధనలు. రేపు పనికొచ్చేవాళ్ళ మీద ఇవాళ దయ చూపించడంలో మన ఆఫీసులు ఎప్పుడూ వెనకబడలేదు.

చిక్కల్లా ఆ గదిని మాసేనమ్మ తన కూతురు లోవ కోసం అట్టేపెట్టుకోవడం. లోవ తొలి కాన్పుకి పుట్టింటికి వచ్చింది. పీత దిగిన ఆరో రోజున, వసారాలో, పీతకు నిద్రాభంగం కలక్కుండా నోట్లో పైటచెంగు కుక్కుకుని ఆడపిల్లని కంది. నొప్పుల మధ్య రెండుసార్లు కేక తప్పించుకుంది. ఆ రెండూ ఉమామహేశ్వరంగారి రిజిస్టరులో నమోదయ్యాయి.

లోవ ఏడేళ్ళుగా పీతల కంపెనీలో పనిచేస్తోంది. ఉడికించిన పీతల పెంకు ఒలిచి కండ తీయడం ఆమె పని. కాన్పయిన నాలుగో రోజున కంపెనీ నుంచి కబురు వచ్చింది. శుక్రవారం కల్లా రాకపోతే ఆమె బల్ల దగ్గర ఇంకొకరు కూచుంటారని. లోవ అప్పటికి గోడ పట్టుకోకుండా నిలబడలేకపోతోంది. ఆమెకు కావలసింది పదకొండు రోజులు. అంతకన్నా ఒక్క పూట కూడా ఎక్కువ అడగలేదు.

పదకొండో రోజు, గురువారం, పీత గట్టిపడిందో లేదో చూడటానికి ఉమామహేశ్వరంగారు వచ్చారు. నొక్కారు. గట్టిపడింది. తాడుతో డెక్కలు కట్టించి బుట్టలో పెట్టించారు. ఆయన వెళ్ళబోతుంటే మాసేనమ్మ అడ్డం వచ్చింది.

“బాబూ, మా పిల్లకి కూడా రాసెయ్యండి. ఒళ్ళంతా పచ్చిపుండులా ఉందండి. సూడండి, ముట్టుకుంటే సాలు ఏడుత్తంది. మీ కాయితంలో జీవి అనే ఉందంట గానీ పీత అని నేదంటండి.”

ఉమామహేశ్వరంగారు చెడ్డవాడు కాదు. కళ్ళజోడు తుడుచుకుని ఉత్తర్వు మళ్ళీ చదివారు. నిజంగానే ‘పెంకు వదిలిన తీరప్రాంత జీవి’ అని ఉంది. ఇంతకాలం దీన్ని గమనించనందుకు ఆయన మనస్ఫూర్తిగా నొచ్చుకున్నారు.

“మరి పాత పెంకు చూపించాలి కదమ్మా.”

“పెంకెక్కడిదండి? ఇదిగో, బిడ్డ.”

“లోపల్నించి బయటికి వచ్చిందెవరు?”

“బిడ్డేనండి.”

“బయటికి వచ్చింది మెత్తటి జీవి. మరి వెనక మిగిలింది?”

మాసేనమ్మ లోవ వైపు చూసింది.

ఆయన అక్కడితో ఆగలేదు, పరీక్ష చేయందే రాయకూడదు కనుక. పసిదాని కాలి మొదట్లో నొక్కితే వేలు దిగబడింది. లోవని కూడా అక్కడే నొక్కాలి గానీ, ఆడమనిషి కాలు పట్టుకోవడం మర్యాద కాదని అరచెయ్యి నొక్కారు. ఏడేళ్ళుగా పీతలు ఒలిచిన చెయ్యి అది. వేలు దిగలేదు. ఇంకాస్త గట్టిగా నొక్కితే ఆయన వేలే నొప్పెట్టింది.

పిల్లకు పదకొండు రోజుల పురిటిగది మంజూరైంది. లోవను ‘పాత పెంకు, ఒకటి’ అని నమోదు చేశారు. పెంకులను వృథా చేయకుండా కంపెనీకి పంపాలని మరో ఉత్తర్వు ఉంది కాబట్టి, శుక్రవారం వ్యానుకు ఆమె పేరు రాశారు. పాలు ఎలాగని మాసేనమ్మ ఏడ్చింది. దానికీ దారి ఉంది. పెంకు వదిలిన జీవి తన పాత పెంకునే తిని బలం తెచ్చుకోవడం ప్రకృతి ధర్మమట. ఆ నిబంధన కింద పూటకో అరగంట అనుమతించారు.

“అన్యాయం కదటే లోవా, ఏదోటి అడగవే!” అంది తల్లి.

లోవ గోడ పట్టుకుని లేచి నిలబడింది. “ఆయన రాసింది తప్పు కాదే అమ్మా,” అంది. “లోపల ఏం మిగల్లేదు.”

మర్నాడు పొద్దున్నే మాసేనమ్మ కూతురి చెవుల్లో దూది పెట్టి తలకు గుడ్డ కట్టింది. పెంకులను చుట్టి పంపకూడదని వ్యాను డ్రైవరు ఆ గుడ్డ విప్పించాడు. లోవ పీత బుట్ట పక్కనే కూచుంది.

“తలుపు దగ్గరగా వేయండమ్మా, పిల్లకి గాలి తగులుతుంది,” అని పీత బుట్టలోంచి చెప్పింది.

వ్యాను మలుపు తిరిగాక మాసేనమ్మ ఇంటి తలుపు దగ్గరగా వేసి, పిల్లను చూస్తుండమని పక్కింటామెకు చెప్పి, మత్స్యశాఖ ఆఫీసుకు నడిచింది. “నలుగుర్ని కన్నానండి. నాలుగో రోజుకల్లా రేవులో చేపల బుట్టెత్తాను. నాకూ రాసెయ్యండి, ఓ పనయిపోద్ది,” అని అరచెయ్యి చాపింది. ఉమామహేశ్వరంగారు నొక్కి, ‘పాత పెంకు, ఒకటి’ అని రాసి, ముద్ర వేసి ఇచ్చారు.

మధ్యాహ్నానికి ఊళ్ళో ఆడవాళ్ళంతా ఆఫీసు ముందు వరుస కట్టారు. సాయంత్రం అయిదింటికల్లా పని పూర్తయింది. ఎవరికీ రెండోసారి నొక్కాల్సిన అవసరం రాలేదు.